గుండు తూకం

నవంబరు 3, సోమవారం

ఇది మా కాటాల రిపేరు షాపు పాత రిజిస్టరు. ముందు సగంలో ఎవరి కాటా ఎన్ని గ్రాములు తప్పు చూపించిందో మేస్త్రీ చేతిరాతతో ఉంది. వెనక సగం ఖాళీ. పారేస్తుంటే తెచ్చుకున్నాను. వెనక నుంచి మొదలుపెడుతున్నా. ఎవరూ చదవకూడదు. చదివితే వేళ్ళు విరగ్గొడతాను. అక్కా, నీకే చెప్తున్నా.

గుండుకి కిడ్నీలు పోయాయి. రెండూ.

డాక్టరమ్మ రక్తం రిపోర్టు అటు తిప్పి ఇటు తిప్పి, "పదిహేడేళ్ళంటే పిల్లికి బాగా పెద్ద వయసండీ" అంది. ఆ సంగతి నాకు తెలియదా? వాడు ఇంటికొచ్చేటప్పటికి నాకు ఆరేళ్ళు. అమ్మ కూరగాయల బండి మీద, తక్కెడ పక్కన కూర్చునేవాడు. కిలో గుండు కనపడకపోతే వాణ్ణి లేపి చూసేవాళ్ళం, కిందే ఉండేది. కొన్నాళ్ళకి వాడే ఇనప గుండులా తయారయ్యాడు. ఆరు కిలోలు. ఎక్కడ కూర్చోబెడితే అక్కడే. పేరు అమ్మే పెట్టింది.

ఈ రోజు డాక్టరమ్మ దగ్గర రెండు కిలోల నాలుగువందల అరవై.

"రోజు మార్చి రోజు చర్మం కింద సెలైన్ ఎక్కించాలి. మీరే ఇంట్లో చెయ్యొచ్చు, నేర్పిస్తాను. మాటిమాటికీ ఇక్కడికి తీసుకురాకండి, పెట్టెలో పెడితేనే వాడికి సగం ప్రాణం పోతోంది. వారం వారం బరువు చూసి ఫోన్ చెయ్యండి. రెండు కిలోల కిందకి దిగితే మాత్రం..." అని ఆగింది.

"దిగితే?"

"దిగితే వాణ్ణి ఇంకా కష్టపెట్టకుండా పంపించడం గురించి మాట్లాడుకోవాలి."

ఒక మంచి మాట మాత్రం అంది. "వాణ్ణి" అంది. మిగతా జనమంతా "దాన్ని" అంటారు.

సరే. రెండు కిలోలు. ఒప్పుకున్నాను. మాటంటే మాటే. అమ్మ ఆసుపత్రిలో ఉన్న నెలంతా తెల్లకోటు వేసుకున్న ప్రతివాడూ "బాగానే ఉంది" అన్నాడు. పొద్దున కూడా అన్నారు, సాయంత్రానికి అమ్మ లేదు. ఈసారి ఎవరి నోటిమాటా నాకక్కర్లేదు. నేనే తూస్తాను. ఆ గీత దాకా వాణ్ణి దిగనివ్వను.

నవంబరు 4, మంగళవారం

షాపులో మూలన పడి ఉన్న చిన్న కాటా, పది కిలోలది, బరువు పసిగట్టే లోడ్ సెల్ మార్చి నేనే బాగుచేసి ఇంటికి తెచ్చాను. స్కూలు పదో తరగతితో ఆపేసినా, చెడిపోయిన కాటాలు విప్పి విప్పి నేర్చుకున్న పని ఇది. ఎవడూ దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పలేదు.

మా షాపులో ఒక పద్ధతుంది. బాగుచేసినవాళ్ళే పరీక్ష చెయ్యకూడదు. నేను చేసింది మేస్త్రీ చూస్తాడు, మేస్త్రీ చేసింది నేను చూస్తాను. ఆయన ఇత్తడి గుండ్ల పెట్టె తియ్యబోయాడు.

"ఇది దుకాణానికి కాదు మేస్త్రీ. మా పిల్లికి."

"పిల్లికైనా బల్లికైనా పద్ధతి పద్ధతే, అమ్మాయ్."

"నేను చూసుకున్నా."

"అదే కదా వద్దంటున్నాను."

బస్సొస్తోందని చెప్పి కాటా చంకన పెట్టుకుని వచ్చేశాను. ఆయనకి చాదస్తం.

నవంబరు 7, శుక్రవారం

సెలైన్ మూడోసారి. మెడ వెనక చర్మం గుడారంలా పైకి లాగి, దాని కిందకి సూది. మొదటిసారి సూది అవతలి వైపు నుంచి బయటికొచ్చి నా వేలికి గుచ్చుకుంది. గుండు నా వంక చూశాడు, ఇదా నీ పనితనం అన్నట్టు.

అక్క సీసా పట్టుకుని గోడ వంక తిరిగి నిలబడుతుంది. ఫ్యాక్టరీలో రోజుకి నూట యాభై యూనిఫారాలకి కాలర్లు కుడుతుంది, పొద్దస్తమానం సూది కింద వేళ్ళు పెట్టి. ఈ సూది చూడటం మాత్రం తన వల్ల కాదట.

"అయిపోయిందా?"

"ఇంకా గుచ్చనే లేదే."

"అయిపోయాక చెప్పు."

"అయిపోయాక నీతో పనేముంది?"

నవంబరు 9, ఆదివారం

తువ్వాలు పరిచి, సున్నా చేసి, వాణ్ణి పెట్టాను. 2.390.

పర్లేదు.

నవంబరు 12, బుధవారం

ఈ రోజు ఒకడితో గొడవ. ఎండుద్రాక్ష, జీడిపప్పు అమ్ముకునే ఆసామి. కొన్నవాళ్ళు ఇంటికెళ్ళి తూసుకుంటే సరుకు తక్కువ వస్తోందట, తప్పంతా కాటాదేనని తెచ్చాడు. ఇత్తడి గుండ్లు పెట్టి చూశాను, గ్రాము తేడా లేదు. సరే, మీరెలా తూస్తారో చూపించండి అన్నాను. అట్టడబ్బా పెట్టాడు, పప్పు పోశాడు, అంకె చదివాడు.

"డబ్బా బరువు తీసెయ్యరా?"

"ఏదో నాలుగు గ్రాములమ్మా."

ఖాళీ డబ్బా పెట్టి చూపించాను. అరవై రెండు.

"ఇది నాలుగా? లెక్కలు ఏ స్కూల్లో చదివారు?"

"అందరూ ఇలాగే తూస్తారు, నువ్వేంటి కొత్తగా?"

"అందరూ దొంగలైతే మీరూ దొంగే. సున్నా చెయ్యడానికి ఇక్కడ ఇంత బటనుంది, కనపట్లేదా? అట్టముక్కని జీడిపప్పని చెప్పి అమ్ముతూ, మళ్ళీ తప్పు కాటాదని ఏడుపొకటా?"

మేస్త్రీ మధ్యలోకి వచ్చి ఆయన్ని సాగనంపాడు. తర్వాత నాతో, "నువ్వన్నది నిజమే. ఆ నిజాన్ని కొంచెం చల్లార్చి పెట్టొచ్చుగా" అన్నాడు. నాకు చల్లార్చడం రాదు.

నవంబరు 16, ఆదివారం

2.280.

సెలైన్ ఎక్కువ చేస్తాను. తిండి చేత్తో పెడతాను. దిగనివ్వను అన్నానంటే దిగనివ్వను.

నవంబరు 18, మంగళవారం

పొద్దున నాలుగు చెంచాలు తిన్నాడు. ఐదోది అక్క చీర మీద కక్కాడు. అక్క డ్యూటీకి వెళ్ళబోతూ ఆగి, చీర మార్చుకుని, మళ్ళీ నా పక్కన కూర్చుంది. ఇదేదో పెద్ద విషయం చెప్పబోతోందని అప్పుడే అర్థమైంది.

"సూది చూసి పారిపోవడం మానేశాడు, గమనించావా?"

"అలవాటు పడ్డాడు."

"పారిపోయే ఓపిక లేదే వాడికి."

"నీకు భయమైతే సీసా పట్టుకోకు. మేకుకి తగిలించుకుంటాను."

"నా భయం గురించి కాదు మాట్లాడేది..."

"రెండు కిలోలు అంది డాక్టరమ్మ. ఇప్పుడెంత? ఇంకా రెండు వందల ఎనభై గ్రాములు పైనే ఉన్నాడు. అంకె ఉంది కదా? అంకె ఉండగా నీ అభిప్రాయం ఎవరిక్కావాలి?"

బస్సు తప్పిపోతుందని వెళ్ళిపోయింది. వెళ్తూ వాడి నుదుటి మీద వేలితో ఒకసారి గీసింది, అమ్మ గీసినట్టు. అలా చెయ్యకూడదు. అన్యాయం అది.

నవంబరు 20, గురువారం

రాయాల్సిందేమీ లేదు. చలి.

నవంబరు 23, ఆదివారం

2.410!

పెరిగాడు. నూట ముప్పై గ్రాములు పెరిగాడు. అక్కని పిలిచి చూపించాను. నాలుగు రోజుల్నుంచి ఒకటే వణుకు వాడికి, ట్రంకు పెట్టెలోంచి అమ్మ ఉన్ని శాలువా తీసి చుట్టాను. శాలువాలోంచి మొహం మాత్రం కనపడుతుంది, పెన్షనుకి వచ్చిన ముసలాయనలా. అలాగే ఎత్తి తువ్వాలు మీద కూర్చోబెట్టాను. విప్పితే వణుకుతున్నాడు.

డాక్టరమ్మకి ఫోన్ చేశాను.

"పెరిగాడా? ఆశ్చర్యంగా ఉందే. బాగా తింటున్నాడా?"

"తింటున్నాడు." నాలుగు చెంచాలు తినడం కూడా తినడమే కదా.

"ఒకసారి సరిగ్గా చూశారా..." అని తనే నవ్వింది. "మీకు నేను చెప్పేదేముందిలెండి, మీ పనే అది."

అవును. నా పనే అది.

అక్క అంకె చూసింది, వాణ్ణి చూసింది, వంటగదిలోకి వెళ్ళిపోయింది. ఓడిపోయినవాళ్ళు ఏమంటారు?

నవంబరు 24, సోమవారం

షాపులో అందరికీ చెప్పాను. అందరూ అంటే మేస్త్రీ. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "కిడ్నీలు పోయిన ముసలిప్రాణం బరువు పెరిగిందా?" అన్నాడు.

"పట్టుదల మేస్త్రీ. పట్టుదల."

"ఎవరిది?"

మరలు ఏరుకోవడం మొదలుపెట్టాను. పని ఉంది.

నవంబరు 30, ఆదివారం

2.300. శాలువాలో. బాగానే ఉంది.

డిసెంబరు 2, మంగళవారం

కిటికీ ఎక్కడం మానేశాడు. ఎక్కించి కూర్చోబెట్టాను. దిగడం రాక అక్కడే తడుపుకున్నాడు. పదిహేడేళ్ళలో ఒక్కసారి కూడా అలా చెయ్యలేదు. సిగ్గుతో తల అటు తిప్పుకున్నాడు. పిల్లులకి సిగ్గు ఉండదనేవాడెవడో నా ముందుకు రమ్మనండి.

బరువు బాగానే ఉంది.

డిసెంబరు 4, గురువారం

నీళ్ళ గిన్నె అంచు మీద గడ్డం ఆనించి కూర్చుంటున్నాడు. తాగడు. అలాగే కూర్చుంటాడు. ఎత్తుకుంటే శాలువాలో వాడెక్కడున్నాడో తడిమి చూసుకోవాల్సి వస్తోంది.

బరువు బాగానే ఉంది. అక్క అడిగితే అదే చెప్పాను. చెప్పాక ఆ మాట ఎక్కడ విన్నానో గుర్తొచ్చి నోరు చేదెక్కింది.

డిసెంబరు 7, ఆదివారం

పొద్దున పదింటికి మేస్త్రీ వచ్చాడు. చేతిలో ఇత్తడి గుండ్ల పెట్టె. సెలవు రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుమ్మంలో చెప్పులు విప్పి, "నెల దాటింది. నేను చూడని కాటా బయట ఉంటే నాకు నిద్ర పట్టదు" అన్నాడు.

చూసుకోండి అన్నాను. చేతికి గుడ్డ చుట్టుకుని ఒక్కో గుండూ తీసి పెట్టాడు. ఆయన ఆ గుండ్లని వట్టి చేత్తో ముట్టుకోడు, చెమట అంటితే బరువు మారుతుందట. అర కిలో, కిలో, రెండు, ఐదు. మధ్యలో పెట్టాడు, నాలుగు మూలలా పెట్టాడు. ఎక్కడా గ్రాము తేడా రాలేదు.

"చూశారా? నేను చేస్తే ఇక చూసుకోనక్కర్లేదు."

"కాటాలో తప్పేమీ లేదు" అన్నాడు. పెట్టె మూశాడు గానీ లేవలేదు. "ఏదీ, నువ్వెలా తూస్తావో చూపించు."

జీడిపప్పు ఆసామితో నేనన్న మాట. అదే మాట. అప్పటికైనా నాకు తట్టి ఉండాల్సింది.

తువ్వాలు పరిచాను. బటన్ నొక్కాను, సున్నా. వాణ్ణి శాలువాతో ఎత్తి పెట్టాను. 2.220. "ఇంకా గీత పైనే ఉన్నాడు" అన్నాను.

మేస్త్రీ అంకె చూడలేదు. నన్ను చూశాడు. చాలా మెల్లగా, పొరుగింటివాళ్ళకి కూడా వినపడకూడదన్నంత మెల్లగా అన్నాడు:

"అమ్మాయ్, డబ్బాతో సహా తూస్తున్నావు."

అక్క వంటగదిలోంచి వచ్చి నిలబడింది. నేనేమన్నానో వరసగా గుర్తులేదు. చలిలో విప్పమంటారా అన్నాను. మీ ఇంట్లో జంతువుంటే తెలిసేది అన్నాను. పిలవకుండా ఇంటికొచ్చి పరీక్షలు పెట్టడానికి మీరెవరు అన్నాను. ఆయన అన్నీ విన్నాడు. తర్వాత లేచి కిటికీ మూసి, అక్కతో వేడినీళ్ళ సీసా తెప్పించి, దాన్ని తువ్వాలు పక్కన పెట్టి, "ఒక్క క్షణం చాలు. నువ్వే విప్పు" అన్నాడు.

విప్పాను.

1.890.

ఆయన్ని వెళ్ళిపొమ్మన్నాను. అన్నం వండుతున్నాను, ఉండండి అంది అక్క. ఉండలేదు. చెప్పులు వేసుకుంటూ, "రేపు రాకపోయినా పర్లేదు" అన్నాడు. అది కోపంతో అన్న మాట కాదు. అయినా మంటెక్కింది.

డిసెంబరు 8, సోమవారం

శాలువా: 330 గ్రాములు.

డిసెంబరు 9, మంగళవారం

నిజం రాస్తాను. ఎవరూ చదవని చోట కూడా అబద్ధం రాసుకుంటే ఇక నేనెందుకు, నా పనెందుకు.

నాకు తెలుసు. ఇరవై మూడో తారీఖున శాలువాతో పెట్టినప్పుడే తెలుసు. బటన్ మీదకి వేలు వెళ్ళింది. వాణ్ణి దింపి, శాలువా ఒక్కటే పెట్టి, సున్నా చేసి, మళ్ళీ పెట్టాలి. నిమిషం పని. రోజుకి వందసార్లు చేస్తాను. వేలు వెనక్కి తీసుకున్నాను. వాడు వణుకుతున్నాడని నాకు నేను చెప్పుకున్నాను. వణుకుతున్న మాట నిజమే. వేలు వెనక్కి తీసుకున్నది అందుక్కాదు.

330 తీసేస్తే, ఇరవై మూడున 2.080. ముప్పైన 1.970. గీత అక్కడే దాటాడు. నేను "బాగానే ఉంది" అని రాసుకున్నాను. తెల్లకోటు ఒక్కటే తక్కువ నాకు.

మధ్యాహ్నం భోజనాల వేళ షాపు వెనక నిలబడి డాక్టరమ్మకి ఫోన్ చేశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. శాలువా, అంకెలు, వేలు, అన్నీ.

"నేను ముప్పైన నిజం చెప్పి ఉంటే?"

"అప్పుడే మాట్లాడుకునేవాళ్ళం. అంటే తొమ్మిది రోజుల ముందు."

"ఈ తొమ్మిది రోజులూ వాడికి కష్టమైందా?"

"అయిందమ్మా" అంది.

తిట్టొచ్చు. తిట్టలేదు. ఓదార్చొచ్చు. ఓదార్చలేదు. ఆమె మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది.

"గురువారం పదకొండింటికి ఇంటికే రండి. ఆ టైముకి కిటికీ దగ్గర ఎండ ఉంటుంది" అన్నాను. గొంతు బాగానే ఉంది. అంటే వణకలేదు. ఆ మాట ఇక వాడను.

లోపలికొచ్చి మేస్త్రీ ముందు నిలబడ్డాను. ఆదివారం అన్నవాటికి ఏం చెప్పాలో తెలియలేదు.

"గురువారం పొద్దున గుండ్లు పట్టుకుని ఇంటికి రావాలి. కాటా మళ్ళీ చూడాలి. నేను బాగుచేసింది కాబట్టి."

"వస్తాను" అని తల ఊపి, ముందున్న కాటా మరలు విప్పుకుంటూ కూర్చున్నాడు. నాకు ఒక స్క్రూడ్రైవరు అందించాడు. అంతే.

సాయంత్రం అక్కకి చెప్పాను. నువ్వు చెప్పిందే నిజం అని కూడా చెప్పాను. "ఈ మాట నీ నోటి నుంచి వినడానికి ఇరవై మూడేళ్ళు పట్టింది" అని నవ్వబోయి, ఏడ్చింది. సూది ఆపేశాం. ఇక సూదుల్లేవు, గురువారం తప్ప.

డిసెంబరు 10, బుధవారం

సెలవు పెట్టాను. వాణ్ణి పెరట్లో ఎక్కడ పెట్టాలా అని చూస్తే కుళాయి వెనక గోడ వారన ఒక్కచోటే మట్టి ఉంది. మిగతాదంతా గచ్చు. మేడ మీదుండే ఇంటి ఓనరమ్మని అడగాలి. ఆవిడకి గుండంటే పడదు. వడియాలు ఆరబెట్టినా, బట్టలు ఆరేసినా "మీ పిల్లి, మీ పిల్లి" అని పన్నెండేళ్ళుగా ఒకటే గోల. ఏమేం అనాలో మెట్ల మీద నిలబడి వరసగా పేర్చుకుని, యుద్ధానికి వెళ్ళినట్టు తలుపు కొట్టాను.

"గోడ వారన గొయ్యి తియ్యాలి. వద్దన్నా తీస్తాను."

ఆవిడ నా మొహం చూసింది. లోపలికెళ్ళి పార తెచ్చి ఇచ్చింది. "లోతుగా తవ్వు. కుక్కలు లాక్కెళ్ళకుండా." తర్వాత, "రోజూ పొద్దున నా గుమ్మం ముందు కూర్చునేవాడు. ఈ మధ్య రావట్లేదేంటా అనుకుంటున్నా" అంది.

వాడు అంది. "వాడు".

పేర్చుకున్న తిట్లన్నీ మెట్ల మీదే వదిలేసి దిగాను. మోకాలి లోతు తవ్వాను. ఓనరమ్మ పైనుంచి చూసి ఇంకొంచెం అంది. నడుం లోతు తవ్వాను. అరచేతులు బొబ్బలెక్కాయి. ఇది నాకు చేతనైన పని. ఇంకా చెప్పుంటే ఇంకా తవ్వేదాన్ని.

డిసెంబరు 11, గురువారం

పదిన్నరకి మేస్త్రీ వచ్చాడు. గుండ్లు పెట్టి చూశాడు. సరిగ్గా ఉంది అన్నాడు. కాటాని ఎండలోకి జరిపాం.

పదకొండుకి డాక్టరమ్మ. సంచీ కింద పెట్టి, గుండు పక్కన నేల మీదే కూర్చుని, కాసేపు వాడి చెవి వెనక రాసింది. తర్వాత నన్నడిగింది.

"మందు ఎంత తియ్యాలో బరువుని బట్టే. ఇప్పుడెంతున్నాడు?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. అందుకే మేస్త్రీని పిలిచాను. తువ్వాలుని వేడినీళ్ళ సీసా మీద వెచ్చబెట్టి పరిచాను. సున్నా చేశాను. శాలువా విప్పి అక్క చేతికిచ్చాను. వాణ్ణి ఒక్కణ్ణే పెట్టాను. పళ్ళెం మీద కూర్చున్నాడు, ముందు కాళ్ళు దగ్గరికి పెట్టుకుని, బండి మీద తక్కెడ పక్కన కూర్చున్నట్టే. వణకలేదు. ఎండ వెచ్చగా ఉంది. అంకె ఆగేదాకా అందరం ఆగాం.

"ఒక కిలో ఎనిమిదివందల అరవై" అన్నాను.

మేస్త్రీ వంగి చూశాడు. "ఒక కిలో ఎనిమిదివందల అరవై" అన్నాడు.

డాక్టరమ్మ అంతకి సరిపడా మందు తీసింది.

మళ్ళీ శాలువాలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. ఇప్పుడు ఎంత బరువున్నా పర్లేదు. ముందు నిద్రకి ఒక సూది, తర్వాత ఇంకోటి. గోడ వంక తిరుగుతుందనుకున్నాను అక్క. తిరగలేదు. నా ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, సూది గుచ్చుతున్నంతసేపూ కళ్ళు తిప్పకుండా, వాడి నుదుటి మీద వేలితో గీస్తూనే ఉంది. నేను వాడి చెవిలో ఒక మాట చెప్పాను. అది ఇక్కడ రాయను.

పదకొండూ ఇరవై.

శాలువాతోనే పెట్టాం. అక్క అడిగింది, అమ్మది కదా, ఉంచుకుంటావా అని. అది వాడిది అన్నాను. మట్టి నేనే కప్పాను. మేస్త్రీ పార అందుకోబోయాడు, ఇవ్వలేదు. తర్వాత ఇచ్చాను.

డిసెంబరు 12, శుక్రవారం

పనికి వెళ్ళాను.

డిసెంబరు 15, సోమవారం

కాటా షాపుకి తిరిగి తీసుకెళ్ళాను. పళ్ళెం మూలల్లో బూడిదరంగు వెంట్రుకలు నాలుగైదు. మేస్త్రీ గుడ్డ తీసుకుంటే వద్దని నేనే తుడిచాను. ఒక్కటి మాత్రం తీసి ఈ రిజిస్టరులో పెట్టుకున్నాను. ఏ కాటాకీ అందని బరువు.

జీడిపప్పు ఆసామి మళ్ళీ వచ్చాడు. కొన్నవాళ్ళకి సరుకు ఇంకా తక్కువే వస్తోందట. తిట్టడానికి నోరు తెరిచాను. "రండి, ఇద్దరం కలిసి చూద్దాం" అని పక్కన స్టూలు వేశాను. ఖాళీ డబ్బా పెట్టించి, ఆయన వేలితోనే బటన్ నొక్కించాను. రెండోసారి చెయ్యమన్నాను. మూడోసారి కూడా. "ఇంత చిన్న పని మర్చిపోతానా అమ్మా?" అన్నాడు. "మర్చిపోరు. కావాలని వదిలేస్తారు. నేనూ వదిలేశాను" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. అర్థం కావాలని చెప్పలేదు.

ఆయన వెళ్ళాక మా కాటాకి కరెంటు పెట్టాను. తువ్వాలు లేదు, శాలువా లేదు, వాడు లేడు. అంకెలు గిరగిరా తిరిగి ఆగాయి.

సున్నా.

మేస్త్రీని పిలిచాను. కళ్ళజోడు పెట్టుకుని వచ్చి, వంగి, కావాల్సినంతసేపు చూశాడు.

"సున్నాయే" అన్నాడు.